పీల్పు పోయిందెక్కడికి?



పాత కారు కార్బురేటర్‌ని దించి, కడిగి, కొత్త సర్వీస్ కిట్టు వేసి బిగించారనుకోండి. బండి స్టార్టయింది, స్లోలో, అంటే కాలు తీసేసినా, నిలబడింది కూడా. కానీ యాక్సిలరేటర్ తొక్కితే ఒక్క క్షణం తటపటాయించి గానీ కదలడం లేదు. కాస్త ఎత్తు వస్తే చాలు, మొరాయిస్తోంది. మెకానిక్ డిస్ట్రిబ్యూటర్‌కి వెళ్లే సన్నటి పైపు పీకి, దాని కొసకి వేలు ఆనించి చూస్తాడు. వేలిని ఏదీ లాగడం లేదు. "వాక్యూమ్ వస్తలేదన్నా, మళ్లా దించాల్సిందే" అంటాడు. ఓనరు నెత్తిన చెయ్యి పెట్టుకుంటాడు.

ఆ "మళ్లా దించాల్సిందే" అన్న మాట గురించే ఈ రోజు మాట్లాడదలచుకున్నాను. చాలాసార్లు దించక్కర్లేదు. వాక్యూమ్ ఎక్కడ పుడుతోంది, ఏ దారిన వస్తోంది, ఎప్పుడు ఉండాలి, ఎప్పుడు ఉండకూడదు, ఈ వరసలో చూసుకుంటూ పోతే తప్పు దానంతటదే బయటపడుతుంది. వరస తప్పితే మాత్రం అదే కార్బురేటర్‌ని ఎన్నిసార్లు విప్పినా అంతే.

ఇంకా కార్బురేటర్ కార్లు ఎక్కడున్నాయండీ అని పట్నం శ్రోతలు అడగొచ్చు. ఒకసారి హైదరాబాద్ నుంచి బీజాపూర్ రోడ్డు ఎక్కి చూడండి. అప్పా జంక్షన్ నుంచి మొయినాబాద్, చేవెళ్ల మీదుగా మన్నెగూడ దాకా 46 కిలోమీటర్లు, దారి పొడుగునా వందలాది మర్రిచెట్లు. ఆ చెట్ల వెనకాల ఫామ్‌హౌస్ షెడ్లలో తార్పాలిన్ కప్పుకుని తాతల నాటి అంబాసిడర్లుంటాయి. టమాటా పెట్టెలు, పూల మూటలు మోసి మోసి వెనక స్ప్రింగులు కుంగిన ఓమ్నీలుంటాయి. ఏపీ 28 నంబరు ప్లేటు ఇంకా మార్చని మారుతి 800లు ఉంటాయి. మారుతి 800 తయారీ 2014 జనవరిలో ఆగింది, అంబాసిడర్ అదే ఏడాది మేలో ఆగింది. అయితే పెట్రోలు కార్లలో కార్బురేటర్ అంతకన్నా చాలా ముందే, 2000 ప్రాంతంలో పొగ నిబంధనలు బిగుసుకున్నప్పుడే తప్పుకుంది. అంటే ఇవాళ కార్బురేటర్ మీద నడిచే కారు ఏదైనా సరే ఇంచుమించు పాతికేళ్ల బండి. దాన్ని ఎరిగిన చేతులు కూడా తగ్గిపోతున్నాయి. స్కానర్ పెట్టి కోడ్ చదవడం నేర్చిన కుర్రాడికి ఇందులో స్కానర్ ఎక్కడ గుచ్చాలో కనబడదు, పాపం.

సరే, అసలు సంగతికి వద్దాం. పిస్టన్ కిందికి దిగేటప్పుడు గాలిని లోపలికి లాగుతుంది. ఆ గాలి వచ్చే దారికి అడ్డంగా, కార్బురేటర్ అడుగున, గుండ్రటి ఇత్తడి బిళ్ల ఒకటి ఉంటుంది. బటర్‌ఫ్లై అంటారు. మనం యాక్సిలరేటర్ తొక్కితే తిరిగేది అదే. స్లోలో అది దాదాపు మూసుకుని ఉంటుంది. కింద పిస్టన్లు లాగుతూనే ఉన్నాయి, పైనుంచి గాలి దిగడానికి సందు లేదు. అందుకని బిళ్ల కింద, మేనిఫోల్డ్‌లో, ఒత్తిడి బాగా పడిపోతుంది. మనం వాక్యూమ్ అంటున్నది ఆ పడిపోవడాన్నే. దాన్ని పుట్టించేది ఇంజను. కార్బురేటర్ చేసేదల్లా దాన్ని తన రంధ్రాల గుండా ఫలానా పైపుకి, ఫలానా సమయంలో అందించడం. కాబట్టి కార్బురేటర్‌కి కిట్టు వేసినందువల్ల వాక్యూమ్ మాయం కాదు. ఇంజను బాగుండి తిరుగుతున్నంతసేపూ అది లోపల ఉంటుంది. మనం చూస్తున్న చోటికి చేరకపోవచ్చు. మధ్యలో ఎక్కడో బయటిగాలి దూరి దాన్ని పలచన చేస్తుండొచ్చు. లేదంటే, ఆ చోట, ఆ సమయంలో అది ఉండనే కూడదు.

ఎక్కువమందిని ముంచేది ఈ చివరిదే. దీని దగ్గర కాసేపు ఆగుదాం.

కార్బురేటర్ మీద పైపులు తగిలించే వాక్యూమ్ నిపుళ్లు రెండు రకాలుగా ఉంటాయి. ఒక రకం నిపుల్ రంధ్రం లోపల బటర్‌ఫ్లైకి కిందివైపు తెరుచుకుంటుంది. అది నేరుగా మేనిఫోల్డ్ వాక్యూమే, స్లోలోనే గట్టిగా లాగుతుంది. రెండో రకం రంధ్రం మూసిన బటర్‌ఫ్లై అంచుకి వెంట్రుకవాసి పైన ఉంటుంది. స్లోలో అది బయటిగాలి వైపు ఉన్నట్టు లెక్క, కనక అక్కడ లాగుడు ఉండదు. కాలు కాస్త ఆనించగానే బిళ్ల అంచు లేచి ఆ రంధ్రాన్ని దాటుతుంది. రంధ్రం ఇప్పుడు ఇంజను వైపుకొచ్చేసింది. పైపులోకి వాక్యూమ్ ఒక్కసారిగా వస్తుంది. పూర్తిగా తొక్కేస్తే మేనిఫోల్డ్‌లోనే వాక్యూమ్ తగ్గిపోతుంది, ఇక్కడా తగ్గుతుంది. అంబాసిడర్ తరం బండ్లలో డిస్ట్రిబ్యూటర్‌కి వెళ్లే పైపు సాధారణంగా ఈ రెండో నిపుల్‌కే తగిలిస్తారు. దాని పని ఏమిటంటే, సగం కాలుతో తేలిగ్గా పోతున్నప్పుడు సిలిండర్‌లో చేరే మిశ్రమం తక్కువ, అది నిదానంగా మండుతుంది, అందుకని స్పార్కు కాస్త ముందు పడాలి. డిస్ట్రిబ్యూటర్ పక్కన ఉండే రేకు డిబ్బీలోని డయాఫ్రం ఆ వాక్యూమ్ అందుకుని లోపలి పళ్లేన్ని తిప్పుతుంది. అందుకే ఇది లేకపోతే బండి నడుస్తుంది గానీ హుషారు ఉండదు, పెట్రోలు ఎక్కువ తాగుతుంది.

ఇప్పుడు మన మెకానిక్ వేలి దగ్గరికి రండి. స్లోలో వేలు పెట్టి వాక్యూమ్ లేదంటున్నాడు. అక్కడ అప్పుడు ఉండకూడదు, లేదు. అంటే సరిగ్గానే ఉంది! బటర్‌ఫ్లై లివర్‌ని చేత్తో లాగి ఇంజన్ని 1500 ఆర్‌పీఎం దాకా లేపి, అప్పుడు వేలు ఆనించమనండి. పట్టుకుందా, కార్బురేటర్ జోలికి పోవద్దు. ఆ పైపుని డిస్ట్రిబ్యూటర్‌కి తిరిగి తగిలించి, కార్బురేటర్ వైపు కొస పీకి, నోటితో పీల్చి నాలుకతో మూసి చూడండి. పీల్చింది నిలబడకపోతే డయాఫ్రం చిరిగింది. పాత బండ్లలో ఇది మామూలే. నిందేమో పక్కనున్న కొత్త కిట్టు మీద పడుతుంది.

దీనికి తిరగేసిన కథ ఒకటుంది, అది ఇంకా చిత్రం. అదే నిపుల్ స్లోలోనే గట్టిగా లాగుతోందనుకోండి. చాలామంది అమ్మయ్య అనుకుంటారు. అనుకోకూడదు. బటర్‌ఫ్లై అంచు స్లోలోనే రంధ్రాన్ని దాటి కూర్చుందన్నమాట. ఎందుకలా కూర్చుంది? స్లో నిలబడటం లేదని ఎవరో స్లో స్పీడ్ స్క్రూని లోపలికి తిప్పుకుంటూ పోయారు. స్లో ఎందుకు నిలబడలేదు? స్లోలో పెట్రోలు కొలిచి ఇచ్చే స్లో జెట్టులో చెత్త ఉండిపోయింది. అంటే కడగడం సరిగా కాలేదు. జెట్టు తీసి గాలి కొట్టి, స్క్రూ వెనక్కి తిప్పితే స్లో, పికప్ రెండూ ఒకే దెబ్బకి సర్దుకుంటాయి. జెట్టులో మాత్రం తీగ దూర్చకండి. సోలెక్స్ కార్బురేటర్ జెట్టు మీద 130 అని ఉందంటే దాని రంధ్రం 1.30 మిల్లీమీటర్లు అని అర్థం. మెత్తటి ఇత్తడి అది. ఉక్కు తీగతో గీరితే ఆ అంకె అబద్ధమైపోతుంది.

ఇక నిజంగానే రాకపోతే? రేస్ చేసినా నిపుల్ దగ్గర లాగుడు లేదు, కానీ ఇంజను మాత్రం బాగానే తిరుగుతోంది. అప్పుడు దారి మూసుకుపోయిందని అర్థం. కిట్టు వేసిన బండిలో దారి మూసే మొదటి దొంగ, కార్బురేటర్ ముక్కల మధ్య వేసే కాగితం ప్యాకింగ్.

చేవెళ్ల దగ్గర రోడ్డు పక్క షెడ్డులో ఒక పెద్దాయన దీన్ని పట్టిన తీరు చెప్తాను. కార్బురేటర్ అంతకుముందే ఒక కుర్రాడు విప్పి బిగించి ఉన్నాడు. "కిట్టు మొత్తం కొత్తదే ఏసిన మామా. జెట్లు కడిగిన. గాలి గొట్టిన. ఇగ ఏం జేయాలె?" అన్నాడు. పెద్దాయన దానికి జవాబు చెప్పలేదు. "పాత ప్యాకింగ్ యాడ పారేసినవ్‌రా?" అన్నాడు. కిరసనాయిలు డబ్బా అడుగున నల్లగా నానిపోయి, రెండు ముక్కలై ఉంది. దాన్ని తీసి గుడ్డ మీద ఆరబెట్టి, ముక్కలు జతచేసి, బిగించిన కొత్త ప్యాకింగ్‌ని విప్పించి దాని మీద పరిచాడు. బోల్టు రంధ్రాలు కలిశాయి, పెద్ద రంధ్రం కలిసింది. పాతదాంట్లో ఒక పక్కన జొన్నగింజంత చిన్న రంధ్రం ఉంది. కొత్తదాంట్లో అక్కడ ఉత్త కాగితం. కింది ముక్కలోంచి పై ముక్కలోకి వాక్యూమ్ ఎక్కాల్సిన దారి అదే. చెప్పులు కుట్టేవాళ్లు వాడే పంచ్ ఒకటి డబ్బాలోంచి తీసి, సుత్తితో ఒక్క దెబ్బ కొట్టాడు. తరవాత బిగించమని కుర్రాడికే ఇచ్చాడు.

ఒకే కిట్టుని నాలుగైదు మోడళ్లకు సరిపోతుందని అమ్మడం వల్ల వచ్చే తంటా ఇది. పుత్లీబౌలిలో కొన్నా, రాణిగంజ్‌లో కొన్నా, కొరియర్‌లో ఢిల్లీ కశ్మీరీ గేట్ నుంచి తెప్పించినా, బిగించే ముందు పాత ప్యాకింగ్ మీద కొత్తది పరిచి చూసుకోవాల్సిందే. పని అయ్యి బండి తిరిగేదాకా పాత ముక్క ఒక్కటీ పారేయకండి. నన్నడిగితే, పాత కారు పనిలో పాతసామాను డబ్బాకున్న విలువ కొత్త కిట్టుకి లేదు.

ప్యాకింగ్ సరిగానే ఉండి దారి మూసుకుంటే, లోపల మసి గడ్డకట్టి ఉంటుంది, లేదా తెల్లటి పొడి పేరుకుని ఉంటుంది. ఆ తెల్లపొడి గురించి చెప్పాలి. కార్బురేటర్ బాడీ చాలావరకు జింక్ కలిసిన పోత లోహం. ఇప్పటి పెట్రోలులో ఇథనాల్ ఉంటోంది. 2025 నాటికి అది 20 శాతానికి చేరింది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. బండి రోజూ తిరిగితే బాధ లేదు. ఫామ్‌హౌస్ షెడ్డులో వానాకాలమంతా కదలకుండా నిలబడితే ఆ తేమకి లోహం పొలుసులు పోయి పొడి రాలుతుంది. ఆ పొడి సన్నటి దారుల్లో చేరుతుంది. అలా నిలబడ్డ బండ్లకి ఇంకో బెడద, మట్టిగూడు కట్టే కందిరీగ. తెరిచి ఉన్న నిపుల్ కనపడితే చాలు, ఎర్రమట్టి తెచ్చి సీలు వేసినట్టు మూసేస్తుంది. లోపల దాని పిల్ల, పిల్లకి తిండి, అంతా ఏర్పాటే. మూసింది కార్బురేటర్ బాగుచేసినవాడు కాదు, విప్పి పక్కన పెట్టినన్నాళ్లు తీరుబడిగా పనిచేసుకున్న ఈ మేస్త్రీ. అందుకే దించిన కార్బురేటర్‌ని గుడ్డలో చుట్టి పెట్టాలి. ఎలుకల సంగతి మీకు తెలిసిందే, రబ్బరు పైపులంటే వాటికి మహా ప్రీతి.

దారి మూసుకోవడం ఒక ఎత్తు, దారిలో చిల్లుపడటం ఇంకో ఎత్తు. చిల్లుపడ్డ స్ట్రాతో కొబ్బరిబొండాం తాగి చూడండి. దవడలు నొప్పెడతాయి, నోట్లోకి గాలే వస్తుంది. ఇంజనుదీ అదే అవస్థ. స్లో ఎగుడుదిగుడుగా ఉంటుంది, చోక్ లాగితే తేరుకుంటుంది. ఇది గుర్తుపెట్టుకోండి. బండి వేడెక్కాక కూడా చోక్ కాస్త లాగితేనే బాగుందంటే, గాలి ఎక్కువైంది, పెట్రోలు తక్కువైంది. 20 శాతం ఇథనాల్ పెట్రోలు కూడా కొంత ఇలాంటి లక్షణమే చూపిస్తుంది. మామూలు పెట్రోలు ఒక కిలో మండటానికి 14.7 కిలోల గాలి సరిపోతే, దీనికి సుమారు 13.5 కిలోలే చాలు. పాత జెట్లు ఆ లెక్క ఎరగవు. కాబట్టి చిల్లు ఉందని గంటలు గంటలు వెతికే ముందు, ఏ పెట్రోలు మీద ఏ జెట్టు నడుస్తోందో కూడా చూడండి.

చిల్లు ఎక్కడో పట్టుకోవడం ఎలా? ముందు మేనిఫోల్డ్ నుంచి వెళ్లే రబ్బరు పైపుల్ని ఒక్కొక్కటే ప్లయర్‌తో మెత్తగా నొక్కి మూస్తూ పోండి. ఏ పైపు నొక్కినప్పుడు ఇంజను చప్పుడు మారిందో చిల్లు ఆ పైపుకి అవతల ఉంది. తరవాత కార్బురేటర్ అడుగు ప్యాకింగ్ చుట్టూ స్ప్రే బాటిల్‌తో కొద్దికొద్దిగా నీళ్లు కొట్టండి. చిల్లులోకి నీరు వెళ్లిన క్షణం స్లో మారుతుంది. డిస్ట్రిబ్యూటర్ వైపు మాత్రం నీళ్లు పోనివ్వకండి. కొందరు పెట్రోలు చల్లి చూస్తారు, అగరొత్తి పొగ పట్టి చూస్తారు. వేడి సైలెన్సర్ పక్కన, కార్బురేటర్ మీద! ఆ రెండూ వద్దు.

అడుగు దగ్గరే గాలి పడుతుంటే, చాలాసార్లు తప్పు బిగింపుది. గట్టిగా ఉంటుందని రెండు నట్లనీ బలమంతా పెట్టి బిగిస్తారు. చెప్పాను కదా, జింక్ పోత. చెవులు కిందికి వంగి, మధ్యలో సన్నటి విల్లు వంపు వస్తుంది. ఎన్ని ప్యాకింగులు మార్చినా అక్కడ గాలి ఆగదు. పాత కిటికీ అద్దం ముక్క ఒకటి తీసుకుని, దాని మీద సన్నరకం ఎమరీ కాగితం పరిచి, కార్బురేటర్ అడుగుని దాని మీద ఎనిమిది ఆకారంలో మెల్లగా రుద్దండి. మొదట రెండు చివర్లే మెరుస్తాయి, నడుమ నల్లగా ఉండిపోతుంది. ఆ నలుపు పోయి అడుగంతా ఒకే మెరుపు వచ్చేదాకా రుద్దితే చాలు. రుద్దే ముందు రంధ్రాలన్నీ మూసి, తరవాత శుభ్రంగా కడిగి గాలి కొట్టాలని వేరే చెప్పనక్కర్లేదు. బిగించేటప్పుడు అటు కొంచెం, ఇటు కొంచెం.

బటర్‌ఫ్లైని విప్పి మళ్లీ వేసి ఉంటే అది కూడా చూడండి. దాని అంచులు ఏటవాలుగా చెక్కి ఉంటాయి, మూసినప్పుడు ఒరిగి కూర్చోవడానికి. తిరగేసి బిగిస్తే కూర్చోదు, ఆ రెండో రంధ్రం లెక్కంతా తప్పుతుంది. వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే చుట్టూ ఒకే సన్నటి గీత కనబడాలి. దాని ఇరుసు పట్టుకుని ఆడిస్తే లొడలొడలాడుతుంటే, ఆ సందులోంచి వచ్చే గాలికి కిట్టులో మందు లేదు. బుష్ వేయించాలి.

ఇక గేజ్ గురించి. మన మెకానిక్‌లకి చెవి బాగా పనిచేస్తుంది, కాదనను. అయినా ఒక వాక్యూమ్ గేజ్ కొనుక్కోమని నేను అందరికీ పోరు పెడుతుంటాను. ట్యాంకు పెట్రోలు ఖరీదు కూడా కాదు. దాన్ని మేనిఫోల్డ్‌కి తగిలించి, వేడి ఇంజన్ని స్లోలో నడిపితే ముల్లు కదలకుండా నిలబడాలి. పుస్తకాల్లో 17 నుంచి 21 అంగుళాల పాదరసం అని రాసి ఉంటుంది. గేజ్ మీద ఆకుపచ్చ రంగు కూడా అక్కడే వేస్తారు. అయితే ఆ అంకె సముద్రపు ఒడ్డున ఉన్న ఊళ్లకి. మనం దక్కన్ పీఠభూమి మీద ఉన్నాం. మొయినాబాద్ పక్కనే ఉన్న గండిపేట చెరువు పూర్తి నీటిమట్టం 1790 అడుగులని వానాకాలం పేపర్లలో చదువుతూనే ఉంటారు కదా. అది సముద్రమట్టం నుంచి కొలిచిన ఎత్తే. ప్రతి వెయ్యి అడుగులకీ గేజ్‌లో ఇంచుమించు ఒక అంగుళం తగ్గుతుంది. అంటే మన దగ్గర రెండు అంగుళాలు తీసేయాలి. ముల్లు 16 దగ్గర స్థిరంగా నిలబడితే ఆ ఇంజనుకి ఏ రోగమూ లేదు. విశాఖపట్నంలో 18 చూపిన బండి చేవెళ్లకొచ్చి 16 చూపిస్తే కార్బురేటర్ విప్పడం అన్యాయం.

ముల్లు స్థిరంగానే ఉండి 10, 12 దగ్గర ఆగితే రెండు అనుమానాలు, గాలి పడుతుండొచ్చు, టైమింగ్ వెనకబడి ఉండొచ్చు. చోక్ లాగితే లేచిందా, గాలి. లేవలేదా, డిస్ట్రిబ్యూటర్ తిప్పి చూడండి. గాలి, టైమింగ్ సరిచేశాక, స్లోలో పెట్రోలు పాలు సర్దే మిక్చర్ స్క్రూ కూడా ఇదే గేజ్‌తో పెట్టొచ్చు. ముల్లు అన్నిటికన్నా ఎక్కువ ఎక్కడ నిలబడిందో అక్కడికి తెచ్చి, స్క్రూని రవ్వంత లోపలికి తిప్పి వదిలేయండి. ఆ తరవాత పొల్యూషన్ సర్టిఫికెట్‌కి వెళ్లండి. భారత్ స్టేజ్ 2కి ముందరి పెట్రోలు కార్లకి కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం, హైడ్రోకార్బన్లు 1500 పీపీఎం దాటకూడదు. సరిగా పెట్టిన కార్బురేటర్‌కి ఇది గగనమేమీ కాదు. రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి వెళ్లే ముందు ఈ ఒక్క పని చేసుకుంటే ఆఫీసు దగ్గర చెమట పట్టదు.

పైపులు మార్చేటప్పుడు ఒక మాట. షాపులో నీళ్ల పైపు ముక్క కోసిచ్చి ఇదే సరిపోతుందంటారు. పెట్రోలు ఆవిరికి అది వాచి, మెత్తబడి, వాక్యూమ్ రాగానే లోపలికి నొక్కుకుపోతుంది. పైకి చూస్తే పైపు నిక్షేపంగా ఉంటుంది. ఇథనాల్‌కి తట్టుకునే ఫ్యూయల్ హోస్ అనే అడిగి తీసుకోండి, సైజుకి నిపుల్ పట్టుకెళ్లండి.

అన్నీ చూశారు. పైపులు కొత్తవి, అడుగు చదునుగా ఉంది, ప్యాకింగ్ సరైనది, టైమింగ్ సరిగా ఉంది. అయినా మేనిఫోల్డ్ దగ్గరే గేజ్ ముల్లు లేవడం లేదు, లేదా ఒక లయలో టకటకమని పడి లేస్తోంది. ఇక ఆ కార్బురేటర్‌ని వదిలేయండి. అది వాల్వుదో, రింగులదో, హెడ్ ప్యాకింగ్‌దో పని. కంప్రెషన్ గేజ్ తెచ్చి ప్లగ్గుల వరసన మొదలుపెట్టాలి. దాని గురించి వీలైతే మరోసారి మాట్లాడుకుందాం.